ఆఫ్రికా దక్షిణ ప్రాంతం: సాహస పర్యాటకం, సుస్థిర ప్రయాణం

నిర్వచనం, పరిధి

శారీరక శ్రమ, ప్రకృతి పరిసరాలు, స్థానిక సంస్కృతితో పరిచయం: ఈ మూడింటిలో కనీసం రెండు కలిసిన యాత్రను సాహస పర్యాటకం కింద లెక్కవేయడం ఆ రంగంలో పరిపాటి. ఎంతో కొంత ప్రమాదం ఉండటం, నిర్వాహకుడు దాన్ని అదుపులో ఉంచడం దీని ప్రత్యేక లక్షణం. యాత్ర వల్ల ఆ చోటి నేలకు, నీటికి, జంతుజాలానికి, మనుషుల బతుకుకు ఇప్పుడు గానీ ముందుముందు గానీ చేటు కలగకుండా చూసుకోవడం, వచ్చిన ఆదాయంలో స్థానికులకు న్యాయమైన వాటా ఇవ్వడం సుస్థిర ప్రయాణం. దీనికి దగ్గరి భావనే బాధ్యతాయుత పర్యాటకం. దక్షిణాఫ్రికా ప్రభుత్వం 1996లో వెలువరించిన పర్యాటక శ్వేతపత్రం ఈ భావనను జాతీయ విధానంగా స్వీకరించింది.

ఈ వ్యాసంలో దక్షిణ ప్రాంతం అంటే దక్షిణాఫ్రికా, నమీబియా, బోట్స్వానా, జింబాబ్వే, జాంబియా, మొజాంబిక్, మలావీ, లెసోతో, ఎస్వాతిని, అంగోలా. దక్షిణాఫ్రికా అని రాసిన చోట ఆ పేరుగల గణతంత్ర దేశమని అర్థం చేసుకోవాలి. అంగోలా, ఎస్వాతిని దేశాల ప్రస్తావన ఇక్కడ స్వల్పం.

ప్రపంచంలో చాలాచోట్ల సాహస పర్యాటకం కొండల మీద, నదుల మీద, మంచు మీద నడుస్తుంది. ఇక్కడ వాటికి తోడు మనిషిని చంపగల పెద్ద జంతువులు స్వేచ్ఛగా తిరుగుతుంటాయి. యాత్రికుడు డబ్బిచ్చి కోరుకునేది వాటి సామీప్యాన్నే. పొలాన్ని తొక్కే ఏనుగు, మేకను ఎత్తుకుపోయే సింహం కూడా అవే. కాబట్టి జంతువు మీద, నేల మీద హక్కు ఎవరిదన్నది తేలకుండా ఈ ప్రాంతంలో సుస్థిరత చర్చ ముందుకు సాగదు.

భౌగోళిక నేపథ్యం

ఖండపు దక్షిణ భాగం చాలావరకు ఎత్తైన పీఠభూమి. దాని తూర్పు అంచు డ్రాకెన్స్‌బర్గ్ పర్వతాల దగ్గర నిటారుగా తెగిపోతుంది. అక్కడి తుగేలా జలపాతం అంచెలంచెలుగా 948 మీటర్లు దిగుతుంది. పడమటి తీరాన బెంగ్వేలా అనే చల్లని సముద్ర ప్రవాహం వానలు పడనివ్వదు. నమీబ్ ఎడారి అలా ఏర్పడిందే, దానికి దొరికే తేమలో ఎక్కువ భాగం సముద్రపు పొగమంచు. నడుమ కలహారి ఇసుక నేల పరచుకుని ఉంది.

అంగోలా ఎగువ ప్రాంతాల్లో కురిసిన వాన కుబాంగో, కుయిటో నదుల వెంట నెలల తరబడి ప్రయాణించి బోట్స్వానాలోని ఒకవాంగో డెల్టాకు చేరుతుంది. అది చేరేసరికి బోట్స్వానాలో చుక్క వాన ఉండదు. జూన్ నుంచి ఆగస్టు వరకు ఎండిన నేల నడుమ వరద నిండి ఉండటంతో జంతువులూ, వాటి వెంట యాత్రికులూ ఒకే కాలంలో నీటి చుట్టూ చేరతారు. ఇంకా తూర్పున జాంబెజీ నది బసాల్ట్ రాతిని కోసి 1,708 మీటర్ల వెడల్పు, 108 మీటర్ల ఎత్తుగల విక్టోరియా జలపాతాన్ని, దాని దిగువన మెలికలు తిరిగే బటోకా ఇరుకులోయను ఏర్పరచింది.

చరిత్ర

పందొమ్మిదో శతాబ్దంలో యూరప్ నుంచి ఇక్కడికి వచ్చిన యాత్రికుల్లో వేటగాళ్లే ఎక్కువ. దంతాల కోసం, తోళ్ల కోసం, సరదా కోసం సాగిన వేటలో జీబ్రా జాతికి చెందిన క్వాగా అంతరించింది. తెల్ల ఖడ్గమృగం దక్షిణాఫ్రికాలోని నటాల్‌లోని ఉంఫొలోజి పరిసరాల్లో కొద్దిపాటి మందగా మిగిలింది. వేట తగ్గించి జంతువులను కాపాడాలన్న ఆలోచన కూడా వేటగాళ్ల వర్గం నుంచే వచ్చింది. ఉంఫొలోజి రక్షిత ప్రాంతం 1895లో, సాబీ 1898లో, నమీబియాలోని ఎటోషా 1907లో ఏర్పడ్డాయి. సాబీతో పాటు పక్క ప్రాంతాలను కలిపి 1926లో క్రూగర్ జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. మరుసటి ఏడాది తొలి పర్యాటక కార్లు లోపలికి వచ్చాయి.

ఈ రక్షణకు మూల్యం చెల్లించింది ఆ నేల మీద బతికే ఆఫ్రికన్లు. వారి వేట దొంగవేట అయింది, వారి ఊళ్లు ఖాళీ అయ్యాయి. క్రూగర్ ఉత్తర కొనలో లువువు, లింపోపో నదుల మధ్య నివసించిన మకులెకె ప్రజలను 1969లో తరలించి ఆ నేలను ఉద్యానంలో కలిపారు. జాంబెజీ మీద 1959లో పూర్తయిన కరీబా ఆనకట్ట వల్ల సుమారు 57,000 మంది టోంగా ప్రజలు ఊళ్లు వదిలారు. అదే జలాశయంలో చిక్కుకున్న జంతువులను పడవల్లో తరలించిన ఆపరేషన్ నోవా ప్రపంచమంతటా పేరు తెచ్చుకుంది. మనుషుల తరలింపునకు ఆ స్థాయి ప్రచారం దక్కలేదు.

నేటి సాహస పర్యాటకానికి రెండు ప్రయోగాలు పునాది వేశాయి. ఇప్పటి జాంబియాలోని లువాంగ్వా లోయలో వన్యప్రాణి అధికారి నార్మన్ కార్ 1950లో న్సెఫు ప్రాంతపు పెద్దను ఒప్పించి, వారి నేలలో పర్యాటక శిబిరం ఏర్పాటు చేశారు. యాత్రికులు తుపాకీతో వేటాడకుండా కెమెరాతో చూసి వెళతారని, ఆదాయంలో వాటా ఆ సముదాయానికి చెందుతుందని ఒప్పందం. తర్వాత కార్ అక్కడే కాలినడక సఫారీని వాణిజ్య పద్ధతిలో పెంచారు. రెండో ప్రయోగం నటాల్‌లో జరిగింది. ఇయాన్ ప్లేయర్ అనే అటవీ అధికారి, ఆయనకు అడవిని నేర్పిన జులూ గైడు మగ్‌కుబు న్తొంబేలా 1959లో ఉంఫొలోజి అడవిలో యాత్రికులను రోజుల తరబడి నడిపించే యాత్రలు మొదలుపెట్టారు. రోడ్లు, భవనాలు లేని ఆ భాగాన్ని అలాగే ఉంచాలన్నది వారి పట్టు. క్రూగర్ 1978లో ఇదే పద్ధతి చేపట్టింది.

విక్టోరియా జలపాతం దగ్గర 1905లో కట్టిన రైలు వంతెన ఆ చోటును విహార కేంద్రంగా ముందే మార్చింది. 1981లో అమెరికాకు చెందిన సోబెక్ బృందం బటోకా లోయలో రబ్బరు తెప్పల మీద దిగడంతో అక్కడ సాహస క్రీడల దశ మొదలైంది. నమీబియాకు 1990లో స్వాతంత్ర్యం రావడం, మొజాంబిక్‌లో 1992లో అంతర్యుద్ధం ముగియడం, దక్షిణాఫ్రికాలో 1994లో వర్ణవివక్ష పాలన తొలగడం వల్ల ప్రాంతమంతా ఒక్కసారిగా విదేశీ యాత్రికులకు తెరుచుకుంది.

సాహస రూపాలు

కాలినడక సఫారీ

జీపులో కూర్చుని చూసే సఫారీలో జంతువు మనిషిని విడిగా గుర్తించదు, అలవాటైన వాహనాన్నే చూస్తుంది. నేల మీద దిగితే లెక్క మారుతుంది. అందుకే నడక సఫారీకి నియమాలు కఠినం. క్రూగర్‌లో ఒక బృందంలో ఎనిమిది మందికి మించి యాత్రికులుండరు. పన్నెండేళ్ల లోపు పిల్లలను అనుమతించరు. ముందు ఇద్దరు గైడ్లు రైఫిళ్లతో నడుస్తారు, వెనుక యాత్రికులు ఒకే వరుసలో వస్తారు. మాటలు ఉండవు, సైగలే. ముదురు ఆకుపచ్చ, గోధుమ రంగు బట్టలు వేసుకోవాలి, తెలుపు పనికిరాదు. ఏం జరిగినా పరుగు మాత్రం తీయకూడదన్నది బయల్దేరే ముందు నేర్పే మొదటి పాఠం.

చాలామంది గైడ్ల దగ్గర బూడిద నింపిన చిన్న గుడ్డసంచి ఉంటుంది. అడపాదడపా దాన్ని విదిలిస్తే ఎగిరే బూడిదను బట్టి గాలి ఎటు వీస్తుందో తెలుస్తుంది, మనిషి వాసన జంతువుకు చేరకుండా దారి మార్చుకుంటారు. పొద వెనక ఆక్స్‌పెకర్ పిట్ట కిచకిచలు వినిపిస్తే గైడు చేయి ఎత్తి అందరినీ ఆపుతాడు. ఆ పిట్ట ఖడ్గమృగం మీదో ఆఫ్రికా అడవిగేదె మీదో వాలి పురుగులు ఏరుకుంటుంది కాబట్టి అది ఉన్నచోట ఆ జంతువూ ఉండవచ్చు. మొత్తం నడకలో సింహం కనబడకపోవచ్చు. పేడ, పాదముద్ర, చెట్టు బెరడు మీద దంతపు గీత, చీమసింహం తవ్విన గుంట చూపిస్తూ రెండు మూడు గంటలు గడిచిపోతాయి. ఈ రకం యాత్రకు వచ్చేవారు కోరేది కూడా ఎక్కువగా అదే.

జాంబియాలోని సౌత్ లువాంగ్వా, జింబాబ్వేలోని మానా పూల్స్, క్రూగర్ ఈ యాత్రలకు ప్రధాన కేంద్రాలు. మానా పూల్స్ 1984 నుంచి ప్రపంచ వారసత్వ ప్రదేశం.

నదులు, తడినేలలు

బటోకా లోయలో జాంబెజీ మీద రాఫ్టింగ్ ప్రపంచంలోని కష్టమైన ఒకరోజు యాత్రల్లో ఒకటిగా పేరుపొందింది. వడిమెట్లలో (రాపిడ్స్) చాలావాటిని ఐదో శ్రేణిగా లెక్కిస్తారు. ఆరో శ్రేణి అంటే వాణిజ్య యాత్రకు పనికిరానిదని అర్థం. తొమ్మిదో వడిమెట్టు దగ్గర యాత్రికులు తెప్ప దిగి ఒడ్డున నడిచి దాటడం ఆనవాయితీ. ఏప్రిల్, మే నెలల్లో జలపాతం నిండుగా పారేటప్పుడు తెప్పలు ఆపేస్తారు. నీరు తగ్గి రాళ్లు తేలే ఆగస్టు–డిసెంబరు కాలం అసలైన సీజన్. యాత్ర ముగిశాక నిటారు లోయ గోడ ఎక్కి రావాలి. గాలి తీసిన తెప్పలను పైకి మోసుకొచ్చేది చుట్టుపక్కల ఊళ్ల మోతగాళ్లు. యాత్ర వీడియోల్లో వాళ్లు దాదాపు కనిపించరు.

ఒకవాంగో డెల్టా యాత్ర దీనికి పూర్తిగా భిన్నం. అక్కడి వాహనం మొకోరో అనే సన్నని దోనె. కొల్లేటిలో తాటిదోనెను నడిపినట్టే నడిపేవాడు వెనక నిలబడి గెడ వేస్తాడు. కింద కూర్చున్న ఇద్దరు యాత్రికుల కళ్లు రెల్లు ఎత్తులో ఉంటాయి. లోతు తక్కువ కాలువల్లోనే నడపడం నియమం, ఎందుకంటే లోతు నీళ్లలో నీటిగుర్రం ఉంటుంది. పూర్వం పెద్ద చెట్టు మానును తొలిచి మొకోరో చేసేవారు. పర్యాటకం పెరిగాక చెట్ల నరికివేత తగ్గించడానికి అదే ఆకారంలో ఫైబర్‌గ్లాస్ దోనెలు వచ్చాయి. డెల్టా 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో వెయ్యో ప్రదేశంగా చేరింది.

ఎత్తు నుంచి దూకే క్రీడలు

విక్టోరియా జలపాతం వంతెన మీద నుంచి 111 మీటర్ల బంగీ జంప్ 1994లో మొదలైంది. దక్షిణాఫ్రికాలోని బ్లౌక్రాన్స్ వంతెన బంగీ 216 మీటర్లు. 1984లో రోడ్డు కోసం కట్టిన ఆ కాంక్రీటు తోరణం మీద 1997 నుంచి దూకుతున్నారు. లెసోతోలోని 192 మీటర్ల మలెత్సున్యానే జలపాతం పక్కన కొండ అంచు నుంచి తాడు పట్టుకుని 204 మీటర్లు దిగే యాత్రను సెమొన్‌కొంగ్ గ్రామం నుంచి నిర్వహిస్తారు.

కాలిబాటలు, పర్వతాలు

దక్షిణాఫ్రికాలో అధికారికంగా ఏర్పడ్డ తొలి దూరపు కాలిబాట ఒట్టర్ ట్రెయిల్ (1968). త్సిత్సికమ్మా తీరం వెంట సుమారు 45 కి.మీ. దూరాన్ని ఐదు రోజుల్లో నడుస్తారు. రోజుకు 12 మందికే అనుమతి. నాలుగో రోజు బ్లౌక్రాన్స్ నది ముఖద్వారం దాటాలి. ఆటుపోట్ల పట్టిక చూసుకుని, పోటు లేని వేళకు అక్కడికి చేరకపోతే బ్యాగును నీళ్లు చొరని సంచిలో కట్టి ఈదాల్సిందే. అందుకే ఆ రోజు చాలా బృందాలు తెల్లవారకముందే బయల్దేరతాయి.

నమీబియాలోని ఫిష్ రివర్ లోయ దాదాపు 160 కి.మీ. పొడవు, లోతైన చోట 550 మీటర్లు. హోబాస్ నుంచి అయ్-అయ్స్ వేడినీటి బుగ్గల వరకు సుమారు 85 కి.మీ. నడక. మే నుంచి సెప్టెంబరు మధ్య వరకే తెరుస్తారు, మిగతా నెలల్లో ఎండ, ఆకస్మిక వరద ప్రాణాంతకం. డాక్టరు సర్టిఫికెట్ లేనివారిని దిగనివ్వరు. లెసోతోలో బసోతో పోనీ గుర్రాల మీద ఊరి నుంచి ఊరికి సాగే యాత్రలు, 2,876 మీటర్ల సానీ కనుమ దారి ప్రసిద్ధం. మలోటి–డ్రాకెన్స్‌బర్గ్ ప్రాంతం అక్కడి సాన్ ప్రజల రాతిచిత్రాల వల్ల కూడా ప్రపంచ వారసత్వ ప్రదేశం.

ఎడారి, సముద్రం

స్వాకొప్‌ముండ్ పరిసరాల్లో ఇసుక దిబ్బల మీద బోర్డుతో జారడం, నాలుగు చక్రాల క్వాడ్ బైకులు నడపడం పెద్ద వ్యాపారం. రెండో దానితో చిక్కు ఉంది. దిబ్బ ఇసుక మీద పడ్డ చక్రపు గీత గాలికి చెరిగిపోతుంది, గులకరాళ్ల మైదానం మీద పడ్డది దశాబ్దాల పాటు మిగులుతుంది. ఆ రాళ్లను అంటిపెట్టుకున్న లైకెన్లు పొగమంచు తాగి అతి మెల్లగా పెరుగుతాయి. డమారా టెర్న్ అనే చిన్న సముద్రపు పిట్ట నేల మీదే గుడ్డు పెడుతుంది. అందుకే వాహనాలకు దారులు కేటాయించారు.

దక్షిణాఫ్రికాలోని గాన్స్‌బాయ్ తెల్ల సొరచేపలను ఇనుప బోను లోంచి చూసే యాత్రలకు పేరుపొందింది. ఆ దేశం 1991లోనే తెల్ల సొరచేపకు చట్టరక్షణ కల్పించింది. 2017 నుంచి కాలేయం తోడేసిన సొరచేపల కళేబరాలు అక్కడి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. వేటాడినవి రెండు ఓర్కాలని తేలింది, పరిశోధకులు వాటికి పోర్ట్, స్టార్‌బోర్డ్ అని పేర్లు పెట్టారు. సొరచేపలు ఆ చోటు వదిలి వెళ్లడంతో నిర్వాహకులు వేరే జాతి సొరచేపల వైపు మళ్లాల్సి వచ్చింది. ఒకే జంతువు మీద నిలబడ్డ వ్యాపారం ఎంత బలహీనమో దీని తర్వాత ఆ ఊరికి వివరించనక్కర్లేదు. మొజాంబిక్‌లోని తోఫో, బజరుటో తీరాలు తిమింగల సొరలకు, మాంటా చేపలకు, డుగాంగ్‌లకు ప్రసిద్ధం.

రక్షణ, గైడ్ల అర్హతలు

సాహస పర్యాటకంలో రక్షణ నిర్వహణకు ఐఎస్ఓ 21101 (2014) అంతర్జాతీయ ప్రమాణం. ప్రాంతీయంగా ఎక్కువ బరువున్నది గైడ్ల శిక్షణ. దక్షిణాఫ్రికాలో నడక సఫారీ నడిపే వ్యక్తి ప్రమాదకర జంతువుల మధ్య నిర్ణీత గంటలు నడిచి, రైఫిల్ పరీక్ష నెగ్గాలి. జింబాబ్వేలో ప్రొఫెషనల్ గైడ్ లైసెన్సుకు రాతపరీక్షలు, ఏళ్ల తరబడి అప్రెంటిస్‌షిప్, చివర అడవిలో పెద్దల ముందు పరీక్ష ఉంటాయి. ఆఫ్రికాలో అత్యంత కష్టమైన గైడు పరీక్షల్లో అది ఒకటని ఆ వృత్తిలోని వారి మాట.

ప్రమాదాలు లేకపోలేదు. 2011 డిసెంబరు 31న విక్టోరియా వంతెన మీద బంగీ తాడు తెగి ఒక ఆస్ట్రేలియా యువతి కాళ్లు కట్టి ఉండగానే జాంబెజీలో పడింది. ఆమె ప్రాణాలతో బయటపడింది. గైడు లేకుండా వాహనం దిగిన యాత్రికుల మీద జంతువుల దాడులు అప్పుడప్పుడు వార్తలవుతుంటాయి. వాటిలో చాలావరకు నియమం ఉల్లంఘించిన సందర్భాలే.

సుస్థిరత పద్ధతులు

నమీబియా: సముదాయ కన్సర్వెన్సీలు

ఈ ప్రాంతంలో అన్నిటికంటే ఎక్కువ అధ్యయనం జరిగిన నమూనా ఇది. 1980లలో కరువు, దొంగవేట కలిసి వాయవ్య నమీబియాలో ఏనుగులను, నల్ల ఖడ్గమృగాలను దాదాపు తుడిచిపెట్టాయి. అప్పుడు గార్త్ ఓవెన్-స్మిత్ అనే పరిరక్షకుడు ఊరి పెద్దలతో మాట్లాడి, వారు ఎంపిక చేసిన స్థానికులనే కాపలాదారులుగా పెట్టే పద్ధతి తెచ్చారు. వారు జవాబు చెప్పేది ఊరి పెద్దలకు. ఈ కృషికి ఆయనకు, మార్గరెట్ జేకబ్‌సన్‌కు 1993లో గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం లభించింది.

స్వాతంత్ర్యం తర్వాత వచ్చిన రాజ్యాంగం 95వ అధికరణంలో జీవవైవిధ్య రక్షణను రాజ్య విధానంగా చేర్చింది. 1996 చట్టసవరణ అసలు మలుపు. అంతకుముందు సొంత భూమిగల తెల్ల రైతులకే ఉన్న వన్యప్రాణుల వినియోగ హక్కు, ఉమ్మడి భూముల్లోని సముదాయాలకూ దక్కింది. దానికి వారు సరిహద్దులు తేల్చుకోవాలి, సభ్యుల జాబితా, నిబంధనావళి రాసుకోవాలి, కమిటీని ఎన్నుకోవాలి. 1998లో ఇలాంటి తొలి నాలుగు సంఘాలు కన్సర్వెన్సీలుగా నమోదయ్యాయి. ఇప్పుడవి 80కి పైగా ఉన్నాయి, దేశ విస్తీర్ణంలో దాదాపు ఐదో వంతు వాటి కిందే ఉంది.

తొలి నాలుగింటిలో ఒకటైన తొర్రాలో డమారాలాండ్ క్యాంప్ అనే వసతిగృహం ప్రైవేటు సంస్థతో ఉమ్మడి ఒప్పందం మీద నడుస్తుంది. ఇలాంటి ఒప్పందాల్లో ఆదాయంలో వాటా, ఉద్యోగాల్లో స్థానికులకు ప్రాధాన్యం ముందే రాసుకుంటారు. ఎడారి నల్ల ఖడ్గమృగాన్ని కాలినడకన వెతికే యాత్ర ఈ ప్రాంతపు ప్రత్యేకత. జాడ తీసేవారు తెల్లవారుజామున నీటి బుగ్గల దగ్గర పాదముద్రలు చూసి బయల్దేరతారు. జంతువు కనబడ్డాక యాత్రికులు గాలివాలు చూసుకుని దూరం నుంచే చూస్తారు, కాపలాదారులు దాని చెవి కోతలను, కొమ్ము ఆకారాన్ని నమోదు చేసుకుంటారు. యాత్రికుడు చూసేదీ, ఖడ్గమృగాల లెక్క నిలిచేదీ ఒకే నడకలో జరుగుతాయి.

ప్రైవేటు నేలలోనూ పరిమితి పాటించే చోట్లున్నాయి. నమీబ్‌రాండ్ రిజర్వులో వెయ్యి హెక్టార్లకు ఒక పడక చొప్పునే వసతి అనుమతిస్తారు. చీకటి ఆకాశాన్ని కాపాడినందుకు 2012లో దానికి అంతర్జాతీయ గుర్తింపు లభించింది.

బోట్స్వానా: తక్కువ మంది, ఎక్కువ ధర

1990 పర్యాటక విధానంలో బోట్స్వానా సంఖ్యను తగ్గించి ధరను పెంచే మార్గం ఎంచుకుంది. డెల్టాను కౌలు ప్రాంతాలుగా విభజించి, ఒక్కోదానిలో కొద్దిపాటి పడకలకే అనుమతిస్తారు. చాలా శిబిరాలకు చిన్న విమానంలోనే చేరాలి. నేల మీద ఒత్తిడి తగ్గింది నిజమే. సొంత దేశంలోని సఫారీ శిబిరంలో ఒక రాత్రి గడపడం సగటు బోట్స్వానా పౌరుడికి అందనిదిగా మారిందన్న విమర్శ కూడా నిజమే. ఖ్వాయ్ వంటి చోట్ల సముదాయ ట్రస్టులే శిబిరస్థలాలు నడుపుతూ కొంత చవకైన వసతి ఇస్తున్నాయి. చోబే నది ఒడ్డున ఒక లాడ్జి సౌరశక్తితో నడిచే పడవలు, మహిళా గైడ్లతో గుర్తింపు పొందింది.

జింబాబ్వే: క్యాంప్‌ఫైర్

1980ల చివర మొదలైన క్యాంప్‌ఫైర్ కార్యక్రమం వన్యప్రాణుల ఆదాయ హక్కును జిల్లా మండళ్లకు ఇచ్చింది. హక్కు ఊరి దాకా దిగకుండా మండలి దగ్గరే ఆగడం దీని ప్రధాన లోపంగా పరిశీలకులు చెబుతారు. ఆదాయంలో పెద్ద భాగం వేట లైసెన్సుల నుంచే వచ్చేది (చూ. వివాదాలు).

దక్షిణాఫ్రికా: భూమి తిరిగి రావడం, ధృవీకరణ

1998లో మకులెకె ప్రజలు సుమారు 24,000 హెక్టార్ల తమ నేలను చట్టబద్ధంగా తిరిగి పొందారు. వారు దాన్ని ఉద్యానంలోనే ఉంచి, గనులకు, సాగుకు ఇవ్వబోమని ఒప్పుకుని, లాడ్జీలకు కౌలు హక్కులు ఇచ్చి ఆదాయం తీసుకుంటున్నారు. 2002 ఆగస్టులో కేప్‌టౌన్‌లో జరిగిన సమావేశం బాధ్యతాయుత పర్యాటకంపై ప్రకటన చేసింది. ఫెయిర్ ట్రేడ్ టూరిజం అనే సంస్థ జీతాలు, పని పరిస్థితులు, కొనుగోళ్లు చూసి వసతిగృహాలకు ధృవపత్రాలు ఇస్తుంది.

సరిహద్దులు దాటిన ఉద్యానాలు, పునరుద్ధరణ

ఏనుగుకు పాస్‌పోర్టు ఉండదు. బోట్స్వానా, దక్షిణాఫ్రికా 2000లో కలిసి తెరిచిన క్గలగాడి ఉద్యానం ఆఫ్రికాలో ఈ తరహాలో మొదటిది. అంగోలా, బోట్స్వానా, నమీబియా, జాంబియా, జింబాబ్వే 2011లో సంతకం చేసిన కవాంగో–జాంబెజీ (కాజా) ఒప్పందం దాదాపు 5,20,000 చ.కి.మీ. ప్రాంతానికి వర్తిస్తుంది. జాంబియా, జింబాబ్వే 2014లో తెచ్చిన కాజా ఉమ్మడి వీసాతో యాత్రికుడు జలపాతాన్ని రెండు ఒడ్డుల నుంచీ చూడగలుగుతున్నాడు.

యుద్ధంలో పెద్ద జంతువులను దాదాపు పోగొట్టుకున్న మొజాంబిక్‌లోని గొరొంగోజా ఉద్యానాన్ని ప్రభుత్వం, అమెరికా దాత గ్రెగ్ కార్ సంస్థ 2008 నాటి దీర్ఘకాల ఒప్పందంతో కోలుకునేలా చేశాయి. గొరొంగోజా పర్వతం మీది కాఫీ తోటలు, బడులు, ఆరోగ్య సేవలు కూడా ఆ ఉద్యాన కార్యక్రమాలే. మలావీలో 2003 నుంచి ఆఫ్రికన్ పార్క్స్ సంస్థ నిర్వహణలో ఉన్న మజేతె అభయారణ్యం, అక్కడా లివొండెలోనూ పెరిగిన 500కు పైగా ఏనుగులను 2016–17లో న్ఖొటకొటాకు తరలించడం ఇదే కోవలోవి.

భారతదేశంతో, తెలుగువారితో సంబంధం

1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో ఓడ దర్బన్ చేరింది. ఆ ఏటి నుంచి నటాల్ చెరకు తోటలకు వచ్చిన ఒప్పంద కూలీల్లో తెలుగువారూ ఉన్నారు. వారి వారసులు 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించారు. డ్రాకెన్స్‌బర్గ్ పర్వతాల్లో ఒక భాగం, ఉంఫొలోజి రెండూ వారు స్థిరపడిన క్వాజులు-నటాల్ రాష్ట్రంలోనివే. వర్ణవివక్ష కాలంలో ఆ సముద్ర తీరాలూ విహారస్థలాలూ జాతుల వారీగా విభజించి ఉండేవి. ఇటీవలి సంబంధం చీతాలది. 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి ఎనిమిది, 2023 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి పన్నెండు చీతాలు మధ్యప్రదేశ్‌లోని కునో జాతీయ ఉద్యానానికి వచ్చాయి.

వివాదాలు

వేట పర్యాటకం. బోట్స్వానా 2014లో వేటను నిషేధించి 2019లో ఎత్తివేసింది. దాదాపు 1,30,000 ఏనుగులున్న దేశంలో పంట నష్టం భరించే గ్రామీణుల ఫిర్యాదులు ఆ నిర్ణయానికి ఒక కారణం. చూడటానికి యాత్రికులు రాని పొదల ప్రాంతాల్లో వేట లైసెన్సే వన్యప్రాణికి ధర కడుతుందని సమర్థకుల వాదన. జింబాబ్వేలో 2015లో సెసిల్ అనే సింహాన్ని చంపడంతో వ్యతిరేకత ప్రపంచమంతటా పెరిగింది. రెండు పక్షాల్లోనూ ఎక్కువగా వినిపించేవి దూరదేశాల గొంతులే.

బోను సింహాలు. దక్షిణాఫ్రికాలో సింహపు పిల్లలను నిమరడం, సింహంతో నడవడం సాహసంగా అమ్ముడయ్యేవి. పెరిగిన ఆ సింహాలు కంచె వేసిన ఆవరణల్లో వేటకు, ఎముకల వ్యాపారానికి వెళ్లేవని బయటపడింది. ఈ పరిశ్రమను ముగించాలన్న సిఫార్సును ప్రభుత్వం 2021లో అంగీకరించింది.

సాన్ ప్రజల హక్కులు. బోట్స్వానాలోని మధ్య కలహారి రిజర్వు నుంచి 1997, 2002లలో తరలించిన సాన్ ప్రజలు కోర్టుకెళ్లి 2006లో గెలిచారు. తీర్పు ఎవరికి, ఏయే హక్కులకు వర్తిస్తుందన్న పేచీ ఆ తర్వాతా సాగింది.

పర్యాటకం మీదే ఆధారపడటం. 2020లో కోవిడ్ వల్ల విమానాలు ఆగగానే కన్సర్వెన్సీల కాపలాదారుల జీతాలకు డబ్బు లేకుండా పోయింది. దాతల అత్యవసర నిధులతో ఆ కాలం గడిచింది. దీని తర్వాత కర్బన క్రెడిట్లు, వన్యప్రాణి నిధులు వంటి ఇతర ఆదాయ మార్గాల వెదుకులాట పెరిగింది.

దూర విమానయానం. యాత్రికుల్లో అధికులు మరో ఖండం నుంచి వస్తారు. లాడ్జి పైకప్పు మీది సౌరఫలకాలు ఆదా చేసే కర్బనం ఆ ప్రయాణం ముందు స్వల్పం. తక్కువ చోట్ల ఎక్కువ రోజులు ఉండటం, రోడ్డు మార్గాలు వాడటం దీనికి సూచించే ఉపాయాలు. రద్దు చేసుకుంటే కాపలాదారుడి జీతం పోతుంది, వస్తే పొగ పెరుగుతుంది. ఈ రెంటినీ ఒకే తూకంలో వేసే లెక్క మీద ఏకాభిప్రాయం లేదు.

బటోకా ఆనకట్ట. విక్టోరియా జలపాతానికి సుమారు 50 కి.మీ. దిగువన 181 మీటర్ల ఎత్తు, 2,400 మెగావాట్ల సామర్థ్యంతో ఆనకట్ట కట్టాలని జాంబియా, జింబాబ్వే దశాబ్దాలుగా ప్రతిపాదిస్తున్నాయి. కరువు వస్తే కరీబాలో నీరు అడుగంటి రెండు దేశాల్లోనూ గంటల తరబడి కరెంటు ఉండదు కాబట్టి ప్రతిపాదన వెనక నిజమైన అవసరం ఉంది. కడితే లోయలోని వడిమెట్లలో చాలా భాగం జలాశయంలో మునుగుతుంది, రాతి గోడల మీద గూడు కట్టే తైతా డేగకూ ముప్పే. తెప్పలు నడిపేవారు, వాటిని మోసేవారు పని పోగొట్టుకుంటారు. జలాశయం మీద పడవ విహారాలు ఆ పనిని భర్తీ చేస్తాయని ప్రతిపాదకులు చెబుతారు. కరీబా ఒడ్డుకు పంపిన టోంగా ప్రజల్లో చాలా ఊళ్లకు ఆనకట్ట కట్టిన తర్వాత దశాబ్దాల పాటు కరెంటు రాలేదని వ్యతిరేకించేవారు గుర్తుచేస్తారు.